మైకు తీసేస్తే వీణ ఎటుపోయింది?

ప్రశ్న: మాది గుంటూరు. యూనివర్సిటీ సంగీత శాఖలో వయొలిన్ చెబుతాను. మా శాఖలోనే వీణ చెప్పే మేడం, విజయవాడ నుంచి ఒక మృదంగ విద్వాంసుడు, నేను కలిసి ఇళ్ళలో మైకు లేకుండా చిన్న కచేరీలు చేద్దామనుకున్నాం. మొదటిది బ్రాడీపేటలో ఒకరింట్లో జరిగింది. నలభై మంది దాకా వచ్చారు. ముందురోజు అదే హాల్లో రిహార్సల్ బ్రహ్మాండంగా కుదిరింది. తీరా కచేరీలో వీణ వినపడలేదు. ఎందుకలా అయింది? "మీ వయొలిన్ సోలో బాగుందమ్మా" అని మెచ్చుకుని వెళ్ళారు. మేడం పైకేమీ అనలేదు గానీ మనసు కష్టపెట్టుకున్నారని నాకు తెలుసు. హార్మోనియం మెట్ల లెక్కలో నాలుగున్నర శ్రుతికి కట్టుకున్నాం. తర్వాతి కచేరీకి ఆరు వారాలుంది. డిసెంబరు చివర, విజయవాడ లబ్బీపేటలో ఒక డాక్టరుగారి ఇల్లు. హాలు 24 అడుగుల పొడవు, 16 వెడల్పు, 10 ఎత్తు, కింద టైల్స్. వీణకి కాంటాక్ట్ మైకు (వాద్యానికే అంటించేది) పెట్టేద్దామా? వారానికి పదహారు గంటల క్లాసులతో రిహార్సల్స్ ఎలా సర్దుకోవాలి? స్టూడెంట్లని పక్కన కూర్చోబెట్టుకోవచ్చా? డబ్బు సంగతేమిటి?

సమాధానం: కాంటాక్ట్ మైకు ఆలోచన మానుకోండి. వీణ స్పీకర్లోంచి, వయొలిన్ చెక్కలోంచి పలికితే వినేవాళ్ళకి ఒకరు ఇంట్లో, ఒకరు రేడియోలో వాయిస్తున్నట్టుంటుంది. పైగా ఆ మైకు మీటుతో పాటు మెట్ల మీద వేలి రాపిడిని కూడా పెద్దది చేసి వినిపిస్తుంది. ఇవాళ వీణకి పెడితే వచ్చేసారి మృదంగానికీ కావాలంటారు. మూడో కచేరీకి మిక్సర్, దాని ముందు ఒక మనిషి, ఆ మనిషికో భోజనం. ఈ మాత్రానికి విజయవాడ ఆడిటోరియం, ఆ తుమ్మలపల్లి వారి కళాక్షేత్రమే నయం.

మైకు లేని గదిలో కొలత ఒకటే. అందరికన్నా మెల్లగా పలికే వాద్యం చివరి వరసకి ఎంత వినపడుతుందో, మిగతావాళ్ళు అంతలోనే ఉండాలి. మీ ముగ్గురిలో ఆ వాద్యం వీణ. శ్రుతి, కూర్చునే తీరు, పాటల వరస, రిహార్సల్ అన్నీ వీణ దగ్గర మొదలుపెట్టాలి. మీరు వయొలిన్ దగ్గర మొదలుపెట్టారు. నాలుగున్నర శ్రుతే ఆ సంగతి చెబుతోంది.

శ్రుతి సంగతి ముందు తేల్చుకుందాం. గాయనులకి ఐదుకీ ఐదున్నరకీ వాయించిన చెయ్యి కాబట్టి నాలుగున్నర మీకు హాయిగా ఉండి ఉంటుంది. ఐదు శ్రుతిలో వయొలిన్ తీగలు దాదాపు పాశ్చాత్యులు కట్టే బిగువులోనే ఉంటాయి. కింది రెండు తీగలు సరిగ్గా అక్కడే, పై రెండు రెండేసి స్వరస్థానాలు తక్కువలో. అందుకే ఆ మెరుపు. వీణకి మాత్రం నాలుగున్నర ఎక్కువే. తీగ బిర్రుగా ఉంటే, లాగి స్వరాన్ని ఊపే గమకానికి చెయ్యి నొప్పి పుడుతుంది, నాదం సన్నబడుతుంది. మూడుకి దిగండి. నాలుగుకీ మూడుకీ మధ్య హార్మోనియంలో ఇంకో మెట్టు లేదు కాబట్టి "మూడున్నర" అని బేరాలాడే పని కూడా ఉండదు.

మూడులో మీ వయొలిన్ ఏమవుతుందో చూడండి. పాశ్చాత్య శ్రుతితో పోలిస్తే పై రెండు తీగలు ఐదేసి స్వరస్థానాలు, కింది రెండు మూడేసి స్వరస్థానాలు దిగుతాయి. బిగువు లెక్కేస్తే పై తీగల్లో అసలుదానిలో 56 శాతం, కింది వాటిలో 71 శాతం మిగులుతుంది. అంటే మెరుపు తగ్గి నాదం మెత్తబడుతుంది. వీణ పక్కన మీకు కావలసింది అదే. కాకపోతే వదులు తీగతో ఒక పేచీ ఉంది. కమాను నొక్కితే ఎత్తుగడలో స్వరం ఒక పిసరు పైకి పోయి, తర్వాత చోటికి దిగుతుంది. మెట్లున్న వాద్యం పక్కన ఆ పిసరు కూడా దొరికిపోతుంది. మందం ఎక్కువున్న గేజ్ తీగలు వేసుకుంటే ఇది చాలావరకు తగ్గుతుంది. మిగతాది చేతిలో ఉంది: కమాను బ్రిడ్జికి దూరంగా, ఫింగర్‌బోర్డ్ అంచు దగ్గర, బరువు వెయ్యకుండా, కాస్త వేగంగా లాగండి. మ్యూట్ పెట్టొద్దు. అది గొంతు నొక్కినట్టు పలుకుతుంది, మీ రాగాలాపన చచ్చిపోతుంది.

మృదంగం ఆయనకి ఈ మాట ఇవాళే చెప్పండి. నాలుగున్నరకి పలికే మృదంగాన్ని కొట్టి కొట్టి మూడుకి దించితే కుడివైపు మోగదు, తప్‌తప్ మంటుంది. ఎక్కువ శ్రుతికి 22 అంగుళాలది, తక్కువ శ్రుతికి 24 అంగుళాలది వాడతారు. మూడుకి పెద్దదే తెచ్చుకోమనండి. మూతలు మార్పించాల్సి వస్తే ఆరు వారాలు పెద్ద వ్యవధేమీ కాదు.

ఇక వీణ. మేడం ఇన్నేళ్ళుగా కచేరీల్లో కాంటాక్ట్ మైకుతో వాయిస్తూ ఉంటే కుడిచెయ్యి తెలియకుండానే తేలికపడి ఉంటుంది. మైకు ఉన్నప్పుడు మెల్లగా మీటడమే సుఖం, గట్టిగా మీటితే స్పీకర్ గోల పెడుతుంది. మైకు తీసేస్తే ఆ మీటు మూడో వరస దాటదు. రోజూ పదిహేను నిమిషాలు, మూడు వారాల పాటు కుడిచేతికే సాధన కావాలి. సారణి (వాయించే మొదటి తీగ) మీద ఒకే స్వరం, ఒకటో కాలంలో, అంటే నెమ్మదిగా, బ్రిడ్జికి దగ్గరగా ఒకసారి, బెత్తెడు ఇవతల ఒకసారి. బ్రిడ్జి దగ్గర మీటు పదునుగా దూరం పోతుంది. ఇవతలిది గుండ్రంగా ఉన్నా దగ్గరే ఆగిపోతుంది. ఎక్కడ ఏది వాడాలో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు, తేడాని చివరి వరస నుంచి ఒకసారి వినిపిస్తే చాలు. గోళ్ళతో మీటే అలవాటైతే తీగ తొడుగులతో కూడా ఒకసారి ప్రయత్నించమనండి. తొడుగు మీటు బలంగా వెళ్తుంది. నచ్చకపోతే బలవంతం లేదు.

పాత తీగలు మూగబోయి ఉంటాయి. కచేరీకి పదిరోజుల ముందు మార్పించాలి. ముందురోజు మారిస్తే సాగుతూనే ఉంటాయి, ప్రతి పాటకీ బిరడాలు తిప్పుకోవాలి. మేళం కట్టించి (మెట్లు తిరిగి అమర్పించి) ఎన్నాళ్ళయిందో కూడా అడగండి. మెట్లు నిలబడేది మైనం మీద. మే నెలలో వీణని కారులో గంటసేపు వదిలేసి ఉంటే ఏదో ఒక మెట్టు జరిగే ఉంటుంది. కచేరీలో గంధారం ఒక్కటే ఎందుకో కుదరదు, నేరం వయొలిన్ మీదకి వస్తుంది. ఇంకో చిన్నమాట: వీణ తీగకి కొబ్బరినూనె రాసుకుంటారు కదా, ఆ దూది మీ వయొలిన్ పెట్టె దరిదాపుల్లో ఉండకూడదు. ఆ నూనె చేత్తో కమాను వెంట్రుకలు తాకితే రోజిన్ పట్టదు, ఎంత రుద్దినా జారుతుంది.

ఇప్పుడు అసలు జబ్బు దగ్గరికి వద్దాం. అది వాద్యంలో కంటే మీ అలవాటులో ఎక్కువుంది.

గాత్రానికి పక్కవాద్యం వాయించేటప్పుడు వయొలిన్ నీడలా వెళ్తుంది. గాయని పలికిన సంగతి (పాట వరసని మార్చి పలికే తీరు) వెనకే, లిప్తకాలం ఆలస్యంగా, ఆ సంగతే. గొంతు నిలకడగా ఉంటుంది కాబట్టి ఆ నీడ అందంగా ఉంటుంది. వీణ నాదం అలా నిలవదు. మీటిన క్షణంలో పెద్దగా ఉండి, వెంటనే దిగిపోతూ ఉంటుంది. వీణ విద్వాంసులు ఆ దిగిపోయే నాదంలోనే తీగ లాగి గమకం పలికిస్తారు. అంటే వీణలో ముఖ్యమైన సంగతి మెల్లగా ఉన్న క్షణంలోనే జరుగుతుంది. మీ నీడ సరిగ్గా ఆ క్షణంలో వచ్చి, నిండు కమానుతో, అదే స్థాయిలో దాన్ని కప్పేస్తోంది. వినేవాడికి మీటు మాత్రం 'టక్'మని వినబడి, తర్వాతదంతా వయొలిన్ అనిపిస్తుంది. "వయొలిన్ సోలో" అన్నవాళ్ళు అబద్ధం చెప్పలేదు.

పాశ్చాత్యుల చాంబర్ మ్యూజిక్ అంటే గదిలో వాయించుకునే సంగీతమే. వాళ్ళ స్ట్రింగ్ క్వార్టెట్‌లో రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో. కండక్టర్ ఉండడు, పక్కవాద్యం అన్న మాటే ఉండదు. ఎవరి చేతిలో ముఖ్యమైన వరస ఉందో వాళ్ళకోసం మిగతా ముగ్గురూ తగ్గుతారు, మరుక్షణం ఆ పాత్ర ఇంకొకరికి మారుతుంది. మనకి రాసిపెట్టిన వేరు వేరు వరసలు లేవు, అందరూ వాయించేది ఒకే సాహిత్యం. కాబట్టి ఎవరు ఎప్పుడు ఆగాలో మనమే గుర్తుపెట్టుకోవాలి. 1966లో లాల్గుడి జయరామన్ వయొలిన్, ఎన్. రమణి వేణువు, ఆర్. వెంకట్రామన్ వీణ కలిపి కచేరీలు మొదలుపెట్టారు. ఎవరు ఎక్కడ ఎత్తుకుంటున్నారు, ఎక్కడ వదులుతున్నారు అన్నదానికి ఆ రికార్డింగులు వినండి. వాద్యాల తూకం మాత్రం వాటిలో నేర్చుకోకండి. రికార్డింగులో మనం వినే తూకం మైకు పెట్టిన చోటుది.

చేయాల్సిన పని ఇలా ఉంటుంది. మీరు వాయించబోయే కీర్తన ఒకటి తీసుకుని నొటేషన్ పెద్ద అక్షరాలతో రాసుకోండి. మీ స్టూడెంట్‌ని ఒకరిని చివరి వరస ఉండే చోట నేల మీద కూర్చోబెట్టి, చేతికి పెన్సిలిచ్చి, ఒకటే పని చెప్పండి: వీణ మీటు వినపడని అక్షరం కింద గీత పెట్టమనండి. మంచి చెడ్డ చెప్పొద్దు, గీతలు చాలు. పల్లవి, అనుపల్లవి, చరణం ముగ్గురూ మామూలుగా వాయించండి. కాగితం చూస్తే గీతలన్నీ రెండు మూడు చోట్ల గుంపుగా ఉంటాయి. దీర్ఘాక్షరం సాగే చోట, తారస్థాయిలో మీరు కలిసిన చోట, మృదంగం ముక్తాయింపు (ముగింపు జతులు) పడ్డ చోట. అక్కడే మందు వెయ్యాలి. దీర్ఘం సాగే చోట మీరు కమాను ఎత్తేయండి, తర్వాతి అక్షరానికి కలవండి. సంగతుల్లో మొదటి రెండూ వీణకి వదిలి మూడోది మీరు తీసుకోండి. అనుపల్లవి మొదటి ఆవర్తం ఆమెది, రెండోది మీది. కలిసి వాయించాల్సిన చోట ఇద్దరూ ఒకే స్థాయిలో ఉండొద్దు, మీరు ఒక స్థాయి మారిపోండి. మళ్ళీ వాయించి, కొత్త కాగితం మీద మళ్ళీ గీతలు పెట్టించండి. ఒక కీర్తనకి మూడు కాగితాలు పడతాయి. నాలుగో కీర్తనకి వచ్చేసరికి కాగితం అక్కర్లేకుండానే మీ చెయ్యి ఆగుతుంది.

ఫోన్ రికార్డింగుతో ఈ పరీక్ష చెయ్యకండి. ఫోన్ తనంతట తాను మెల్లని శబ్దాన్ని పెంచి, గట్టిదాన్ని తగ్గిస్తుంది. అందులో వీణ ఎప్పుడూ బాగానే వినపడుతుంది.

రిహార్సల్‌లో బాగున్నది కచేరీలో ఎందుకు పోయిందని అడిగారు. సగం కారణం గది. డాక్టరుగారి హాలునే లెక్క వేద్దాం. 24, 16, 10 అడుగులంటే సుమారు 109 ఘనపు మీటర్లు. టైల్స్, సిమెంటు గోడలు, స్లాబు శబ్దాన్ని నూటికి రెండు మూడు పాళ్ళకి మించి పీల్చుకోవు. తెరిచిన కిటికీ మాత్రం తన మీద పడ్డదంతా బయటికి పంపేస్తుంది. ఇంజనీర్లు వాడే సబీన్ సూత్రంలో వేసి చూస్తే, సామాను తీసేసి రెండు కిటికీలు తెరిచిన ఖాళీ హాల్లో శబ్దం పూర్తిగా అణగడానికి రెండు సెకన్ల పైనే పడుతుంది. అదే హాల్లో ముప్ఫై అయిదు మంది కూర్చుంటే, మనుషులూ బట్టలూ పీల్చుకోగా, సెకను లోపుకి వచ్చేస్తుంది. రిహార్సల్‌లో వీణకి కార్వె (నాదం సాగడం) ఇచ్చింది గది. జనం కూర్చోగానే గది ఆ సాయం మానేసింది. వయొలిన్‌కి కమాను ఉంది కాబట్టి మీకు తెలియలేదు, వీణకి ఏమీ లేదు. బ్రాడీపేట హాల్లోనూ జరిగింది ఇదే.

అందుకని చివరి రెండు రిహార్సల్స్ ఆ ఇంట్లోనే పెట్టుకుని, జనం కూర్చునే చోట పరుపులు, బొంతలు, దుప్పట్లు దొరికినన్ని పరచండి. డాక్టరుగారి భార్య విసుక్కోవచ్చు, ముందే చెప్పి ఒప్పించండి. అంతకన్నా మంచిది స్టూడెంట్లని ఇరవై మందిని తీసుకెళ్ళడం.

కూర్చునే తీరు. పొడవు గోడకి వీపు పెట్టి కూర్చోండి, అప్పుడు చివరి వరస పన్నెండు పదమూడు అడుగుల్లో ఉంటుంది. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే నాదం 6 డెసిబెల్స్ పడిపోతుంది, కాబట్టి ఈ ఒక్క మార్పుకే సగం రోగం కుదురుతుంది. మీ వెనక గోడ ఖాళీగా ఉండాలి. కర్టెన్ ఉంటే పక్కకి లాగేయండి. ఫ్లెక్సీ కట్టొద్దు. మన దగ్గర బారసాల నుంచి దినం దాకా ఫ్లెక్సీ లేని కార్యం లేదని తెలుసు, అయినా వద్దు. ఫ్యాను గాలికి టపటపలాడుతుంది, ఆ గోడ నుంచి ముందుకి రావలసిన నాదాన్ని పాడుచేస్తుంది. వీణ మధ్యలో, మీ ఇద్దరికన్నా రెండడుగులు ముందుకి. వీణ కింద తివాచీ పరవకుండా చెక్కబల్ల వేయించండి, జంపఖానాలన్నీ జనం వైపే. మీరు ఆమెకి ఎడమ పక్క, కొంచెం వెనక. వయొలిన్ పై పలక ఎటు తిరిగితే అటే ఎక్కువ పలుకుతుంది. కూర్చున్న చోటే నాలుగు కోణాల్లో తిరిగి వాయించి, చివరి వరసకి ఏది మెత్తగా ఉందో ఆ కోణం ఖాయం చేసుకోండి.

మృదంగం ఆయన మామూలుగా వీణకి కుడివైపున, వీణకేసి తిరిగి కూర్చుంటారు. అప్పుడు కుడి మూత సూటిగా జనం మీదకి ఉంటుంది. వేదిక మీద అది మంచిదే. ఈ హాల్లో మాత్రం ఆయన్ని సగం జనం వైపు తిరగమనండి. కుడి మూత పక్క గోడ వైపు మళ్ళుతుంది. మేడం చేతులు ఓరకంట కనపడుతూనే ఉంటాయి. పక్క గోడ మరీ దగ్గరైతే అక్కడ ఒక దుప్పటి వేలాడదీయండి. గది మూలకి మాత్రం జరపకండి, మూల తొప్పి (ఎడమ మూత) గుంకారాన్ని పెంచి చూపిస్తుంది. తొప్పికి పెట్టే రవ్వ కూడా రోజూ కన్నా తగ్గించమనండి. వాయించడంలో ఒక్కటే నియమం: వీణ మీటు మీద కాకుండా మీటుకీ మీటుకీ మధ్య ఖాళీలో పలకాలి. మంచి విద్వాంసుడికి ఇది అవమానం కాదు, మైకు లేని రోజుల్లో ఈ లెక్క మీదే వాయించేవారు. తని ఆవర్తనంలో, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగంలో మాత్రం ఆయన చేతులు విప్పి వాయించాలి. గంటసేపు ఒదిగి వాయించిన మనిషికి ఆ ఎనిమిది నిమిషాలు ఇవ్వకపోతే మూడో కచేరీకి రారు.

ఉక్క గురించి కూడా ఆలోచించండి. కదలకుండా కూర్చున్న మనిషి ఒంట్లోంచి వంద వాట్ల వేడి వస్తుంది. ముప్ఫై అయిదు మందంటే మూడున్నర కిలోవాట్లు, ఒక టన్ను ఏసీ తోడగలిగినంత. డిసెంబరు చివర బెజవాడలో సాయంత్రం బయట చల్లగా ఉన్నా తలుపులు మూసిన హాల్లో అరగంటకి చెమటలు పడతాయి. నాలుగింటికే ఏసీ వేసి హాలు చల్లబరచండి, వాద్యాలు కూడా అప్పటి నుంచే ఆ హాల్లో పెట్టెలు తీసి ఉంచండి. చల్లటి పొడిగాలికి మృదంగం తోలు బిగిసి శ్రుతి ఎక్కుతుంది, వయొలిన్ బిరడాలు సడలి జారతాయి. ఆ మార్పంతా కచేరీకి ముందే అయిపోవాలి. మీ తలమీద ఫ్యాను ఆపేయండి. జనం మీదవి ఒకటో నంబరులో తిరగొచ్చు. ఏసీ గుయ్యిమంటుంటే వీణ ఆలాపనకి ముందు ఆపించి, తర్వాత వేయించండి. రిమోట్ ఎవరి చేతిలో ఉండాలో ముందే తేల్చుకోండి.

బయటి గోల ఇంకో సంగతి. ఆ రోజుల్లో వీధి వీధికీ అయ్యప్ప పడిపూజలు, భజనలు, మైకులు. ఆ వీధిలో ఆ సాయంత్రం ఏదైనా ఉందేమో డాక్టరుగారిని కనుక్కోమనండి. ఉంటే తేదీ మార్చుకోవడమే, పూజవాళ్ళని ఆపమనలేం. ఒక లాభం మాత్రం ఉంది. లౌడ్‌స్పీకర్ లేదు కాబట్టి మీకు పోలీసు అనుమతి గొడవ లేదు.

పాటల వరస కూడా వీణని చూసే వెయ్యాలి. మొత్తం తొంభై నిమిషాలు, విరామం లేకుండా. వర్ణం ఆరు నిమిషాలు, అందులోనే జనం చెవి గదికి అలవాటు పడుతుంది. స్వరకల్పనతో ఒక చిన్న కీర్తన పది నిమిషాలు. ఆ తర్వాత సహానో ఆనందభైరవో ఒక రాగం తీసుకుని వీణ ఒక్కటే ఆలాపన చేసి, కీర్తనతో కలిపి పద్దెనిమిది నిమిషాలు. ప్రధాన రాగానికి తానం (తాళం లేకుండా లయతో సాగే రాగ విస్తరణ) వీణకే ఇవ్వండి. తాళం తీగలతో సహా వీణ ఒంటరిగా గదంతా నిండేది తానంలోనే. మీరు మధ్యలో రెండు విడతలు అందుకుంటే చాలు, మృదంగం ఊరుకుంటుంది. దానికి పన్నెండు నిమిషాలు. ప్రధాన కీర్తన తనితో కలిపి అరగంట. చివర చిన్నవి రెండు. మిగిలింది శ్రుతి సరిచూసుకోవడానికి పోతుంది. దాన్ని లెక్కలో వెయ్యనివాళ్ళ కచేరీలే పది నిమిషాలు ఆలస్యంగా ముగుస్తాయి.

రిహార్సల్స్. మీ పదహారు గంటలు అసిస్టెంట్ ప్రొఫెసర్లకి యూజీసీ 2018 నిబంధనల్లో ఉన్న బోధన గంటలే, అవి తగ్గవు. వయొలిన్ పాఠం అంటే సగం సేపు మీరూ వాయిస్తూనే ఉంటారు. మూడు క్లాసులయ్యాక రిహార్సల్ పెట్టుకుంటే అలిసిన చెయ్యి బరువుగా పడుతుంది, మీకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. మొదటి పీరియడ్‌కి ముందు గంటంబావు, వారానికి రెండు రోజులు, మీరూ మేడమూ ఇద్దరే. తాళం చేత్తో వెయ్యడానికి ఒక స్టూడెంట్. మూడు వారాలు ఇదే. మృదంగం ఆయన్ని నాలుగో వారంలో పిలవండి. అదీ మొదటిసారి వీణతో మాత్రమే, మీరు చివరి వరసలో కూర్చుని వినండి. ఈ ఒక్క గంట మీకు మిగతా అన్ని రిహార్సల్స్ కన్నా ఎక్కువ నేర్పుతుంది. గుంటూరు, విజయవాడల మధ్య 35 కిలోమీటర్లే అయినా ఆయన ప్రతిసారీ రానక్కర్లేదు. అయిదో వారం ముగ్గురూ, ఆరో వారం ఆ ఇంట్లో రెండుసార్లు. కచేరీకి ముందురోజు ఏమీ వద్దు. వేలి కొసల్లో తిమ్మిరి గానీ, మణికట్టులో రాత్రికి కూడా తగ్గని నొప్పి గానీ ఉంటే అదనపు సాధన ఆపి డాక్టరుకి చూపించుకోండి, నూనె రాసుకుని నెట్టుకురావద్దు.

క్లాసులు చెప్పేవాళ్ళు కచేరీకి పనికిరారని మీ చుట్టూ ఎవరైనా అంటే పట్టించుకోకండి. ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1919 నుంచి విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ చెబుతూ, 1936లో ప్రిన్సిపాలై కూడా కచేరీలు చేస్తూనే ఉన్నారు. విజయవాడ సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ బాలమురళీకృష్ణగారు.

స్టూడెంట్లని వేదిక మీద వాద్యాలతో కూర్చోబెట్టొద్దు. రెండో వయొలిన్ చేరితే వీణ మళ్ళీ మాయం. తంబుర మాత్రం స్టూడెంటే వెయ్యాలి, ఎలక్ట్రానిక్ పెట్టె కాదు. బ్రిడ్జి మీద దారం సరిగ్గా జరిపి పెట్టిన తంబుర నాలుగు తీగలూ వీణకి వెనక నుంచి ఆసరా ఇస్తాయి, పెట్టె నుంచి వచ్చేది ఒకే చోట ముద్దగా ఉంటుంది. గంటన్నర ఒకే నడకలో తంబుర వేయడం చిన్న విద్య కాదు, ఇద్దరు పంచుకుంటే మంచిది. పెన్సిలు గీతల రిహార్సల్స్‌ని క్లాసులోనే బాహాటంగా పెట్టండి. రెండో సంవత్సరం పిల్లలకి గమకం దిగిపోయే నాదంలో ఎలా నిలబడుతుందో చెప్పడానికి అంతకన్నా మంచి పాఠం లేదు. ఒక జాగ్రత్త: ఇంటర్నల్ మార్కులు వేయాల్సిన వారాల్లో ఎవరిని తంబురకి పిలిచారు, ఎవరిని పిలవలేదు అన్నది పెద్ద రచ్చ అవుతుంది. మార్కులు వేసేశాకే పేర్లు చెప్పండి.

డబ్బు గురించి క్లుప్తంగా. ఇంట్లో టిక్కెట్లు వద్దు, కవరు ఇచ్చేవాళ్ళు ఇస్తారు. వచ్చినదాంట్లోంచి ముందు వీణ ప్రయాణం, మృదంగం ఆయన రాకపోకలు, జంపఖానాల అద్దె తీసేసి, మిగిలింది మూడు సమాన వాటాలు. మృదంగానికి తక్కువ ఇచ్చే ఆనవాయితీ ఇక్కడ పనికిరాదు, ఈ కచేరీలో అందరికన్నా కష్టమైన ఒదుగు ఆయనదే. మీరూ మేడమూ యూనివర్సిటీ ఉద్యోగులు కాబట్టి, పారితోషికం తీసుకునే కచేరీకి మీ సర్వీసు నిబంధనల ప్రకారం రాతపూర్వకమైన అనుమతి కావాలేమో ముందే చూసుకోండి. కావాలంటే శాఖాధిపతి ద్వారా రిజిస్ట్రార్‌కి కనీసం పదిహేను రోజుల ముందు ఉత్తరం పెట్టండి. తేదీ, చోటు, సమయం పనిగంటల బయట అన్న మాట అందులో ఉండాలి. కాపీ మీద ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి.

వాట్సాప్‌లో పంపే ఆహ్వానంలో పేర్లు వీణ, వయొలిన్, మృదంగం అన్న వరసలో వేయండి. 'పక్కవాద్యం' అన్న మాట ఎక్కడా పడకుండా చూడండి. ఆ కార్డు ఊరందరికీ పంపేముందు మేడంకి చూపించండి.